తేటగా కనిపించే నీరంతా మంచినీరు కాదు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

కుళాయి నీటి గురించి వచ్చిన ప్రశ్నలలో ఒకదానితో ఒకటి ముడిపడినవాటిని ఎంచి, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలలో చాలావరకు "ఏ ఫిల్టరు కొనమంటారు?" అన్న మాటతోనే ముగిశాయి. దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మన నీటిలో ఉన్నదేమిటి? రోగమేమిటో తెలియకుండా మందు మింగినట్టు, నీటిలో ఉన్నదేమిటో తెలియకుండా చేసే శుద్ధి ఒక్కోసారి ఉపయోగపడదు, ఒక్కోసారి ఎదురు హాని చేస్తుంది. కింది జవాబులన్నింటిలోనూ నేను చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

ప్రశ్న: మా వీధికి రోజూ గంటసేపు మాత్రమే నీరు వదులుతారు. కుళాయి తిప్పగానే మొదట కొంతసేపు మురికిగా, దుర్వాసనతో వచ్చి తరువాత తేటబడుతుంది. తేటబడ్డాకే పట్టుకొని తాగుతున్నాము. అయినా ఈమధ్య మా వరుసలో మూడిళ్ళలో విరేచనాలు, ఒక ఇంట్లో పచ్చకామెర్లు వచ్చాయి. ఈ నీరు తాగవచ్చా? లోపం ఎక్కడుందో మేము ఎలా తెలుసుకోగలము?

జవాబు: తాగకూడదు. మరిగించకుండా ఆ నీటిని తాగడానికే కాదు, పళ్ళు తోముకోవడానికి, పసిపిల్లల పాలు కలపడానికి, పచ్చిగా తినే కూరగాయలు కడగడానికి కూడా వాడవద్దని మీ వరుసలోని ఇళ్ళవారందరికీ ఈరోజే చెప్పండి.

మొదట మురికిగా వచ్చి తరువాత తేటబడటం పైపులో ఎక్కడో చిల్లు ఉందనడానికి బలమైన సూచన. రోజంతా నీటితో నిండి ఒత్తిడితో ఉండే పైపుకు చిల్లు పడితే లోపలి నీరు బయటికి చిమ్ముతుందే తప్ప బయటిది లోపలికి రాదు. గంటసేపు నీరు వదిలి మిగతా సమయమంతా వాల్వు కట్టేసే పైపు సంగతి వేరు. వాల్వు కట్టిన తరువాత పైపులో మిగిలిన నీరు పల్లపు ఇళ్ళవైపు జారిపోతుంటే, మెరకనున్న భాగంలో ఒత్తిడి పడిపోయి, పైపు బయటినుంచి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ చిల్లు చుట్టూ ఉన్నది వట్టి మట్టి అయితే మట్టినీరు వస్తుంది. పక్కనే మురుగుకాలువ ఉంటే, అందులోని మురుగే లోపలికి వస్తుంది. నీరు వచ్చే గంటలో ఇళ్ళవారు పైపులైనుకే నేరుగా మోటార్లు బిగించి లాగుతున్నప్పుడు ఈ పీల్చుడు మరింత పెరుగుతుంది. తన తొట్టి త్వరగా నిండాలని ఒకరు బిగించిన మోటారు పక్క నాలుగిళ్ళకు మురుగు పట్టిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసిన తరువాత కూడా దానిని కొనసాగించడం తప్పేనని నా అభిప్రాయం.

ఇక తేటబడిన నీటి విషయం. పైపులో చేరిన మురుగులో కంటికి కనిపించే భాగం మొదటి బిందెలతో కొట్టుకుపోతుంది. కనిపించని భాగం పైపు గోడలకు పట్టిన పాచిలోనూ, వెనుక వచ్చే నీటిలోనూ ఉండిపోతుంది. గ్లాసెడు నీటిలో లక్షల సూక్ష్మజీవులు ఉన్నా నీరు తేటగానే కనిపించగలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన మొదటి కొలత రంగుకు, రుచికి సంబంధించినది కాదు. ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ ఇ.కోలి అనే బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదన్నది ఆ నియమం. ఇ.కోలిలో చాలా రకాలు వాటంతట అవి ప్రమాదకరం కావు. కానీ అవి మనుషుల, జంతువుల పేగులలో ఉంటాయి కనుక, అవి నీటిలో కనిపించాయంటే మలం కలిసిందని అర్థం. మలం కలిసిన దారినే టైఫాయిడ్, కలరా బ్యాక్టీరియా, కామెర్ల వైరస్‌లు కూడా వస్తాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది పచ్చకామెర్ల ప్రస్తావన. విరేచనాలు కలుషిత నీరు తాగిన కొద్ది గంటలలోనో కొద్ది రోజులలోనో బయటపడతాయి. నీటి ద్వారా వ్యాపించి కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఇ మాత్రం వైరస్ ఒంట్లో చేరిన 2 నుంచి 10 వారాల తరువాత గానీ బయటపడదు. అంటే ఇవాళ కామెర్లు తేలిన మనిషి ఎప్పుడో నెల కిందట తాగిన నీటికి సాక్ష్యం చెబుతున్నాడు. ఇవాళ కుళాయి నీరు శుభ్రంగా వస్తోందన్నది దానికి జవాబు కాదు. మరో మాట కూడా గుర్తుంచుకోవాలి: హెపటైటిస్-ఇ గర్భిణులకు, ముఖ్యంగా చివరి మూడు నెలలలో ఉన్నవారికి, ప్రాణాంతకం కావచ్చు. మీ వీధిలో గర్భిణులు ఉంటే ముందుగా వెళ్ళి చెప్పవలసింది వారికే.

నీటిని కాచడమంటే వేడిచేసి దించడం కాదు, తెరలు కక్కుతూ మరిగిన తరువాత ఇంకొక నిమిషం పాటు ఉంచడం. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉండేవారు మూడు నిమిషాలు ఉంచాలి. నీరు మసకగా ఉంటే ముందు తేరనిచ్చి, పైనీటిని శుభ్రమైన గుడ్డతో వడపోసి, ఆ తరువాత కాచాలి. కాచిన నీటిని అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చి, చేయి ముంచకుండా వంచుకొని తాగాలి. కాచిన నీటిలో చెంబు ముంచే చేయి శుభ్రంగా లేకపోతే మీరు పడిన శ్రమంతా వృథా.

లోపం ఎక్కడుందో వెతకడానికి మీకు రెండు దారులున్నాయి. మొదటిది క్లోరిన్ పరీక్ష. నీటిశుద్ధి కేంద్రం నుంచి బయలుదేరిన నీటిలో కొంత క్లోరిన్ మిగిలి, చివరి ఇంటి కుళాయి వరకు రావాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది అంగీకరించిన కొలత. దీనిని చూడటానికి దొరికే చిన్న పెట్టెలో రెండు గాజుగొట్టాలు, రంగుల పట్టీ, డీపీడీ అనే బిళ్ళలు ఉంటాయి. కుళాయి నీటిలో బిళ్ళ వేసి కలిపితే క్లోరిన్ ఉన్నప్పుడు గులాబీ రంగు తేలుతుంది, ఎక్కువ ఉంటే ముదురుగా, తక్కువ ఉంటే లేతగా. రంగే రాకపోతే క్లోరిన్ లేనట్టే. వీధి మొదట్లోని ఇంట్లో గులాబీ రంగు వచ్చి, మధ్య ఇంట్లో రాకపోతే, ఆ రెండిళ్ళ మధ్య పైపులో ఏదో వచ్చి కలిసి క్లోరిన్‌ను తినేస్తోందని అనుమానించాలి. నీరు వచ్చే గంటలోనే, ఒకే రోజు, అన్ని ఇళ్ళలోనూ ఈ పరీక్ష జరగాలి. వేర్వేరు రోజుల ఫలితాలను పోల్చితే తప్పుదారి పడతారు.

రెండవది పటం గీయడం. ఏ ఇంట్లో, ఎవరికి, ఏ తేదీన జబ్బు మొదలైందో, వారు తాగినది కుళాయి నీరా, బావినీరా, కొన్న నీరా అన్నది ఒక కాగితంపై వీధి గీసి గుర్తుపెట్టండి. 1854లో లండన్ నగరం సోహో ప్రాంతంలో కలరా విజృంభించి ఆరువందల మందికి పైగా చనిపోయినప్పుడు, వైద్యుడు జాన్ స్నో చేసినది ఇదే. చెడుగాలి వల్ల కలరా వస్తుందని ఎక్కువమంది నమ్మే రోజులవి. ఆయన ఇల్లిల్లూ తిరిగి మరణాలను గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడి ఉన్నాయని చూపించాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు. ఆ పంపు నీరు రుచిగా ఉంటుందని పేరు. ఆ వీధి వదిలి దూరంగా హాంప్‌స్టెడ్‌కు వెళ్ళిపోయిన ఒక వృద్ధురాలు ఆ రుచి మీది ఇష్టంతో అక్కడినుంచే నీరు తెప్పించుకొని తాగి, కలరాతో మరణించింది. ఆమె ఉన్నచోట మరెవరికీ కలరా లేకపోవడమే స్నో వాదనకు గట్టి ఆధారమైంది. తరువాత తవ్వి చూస్తే, జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీరు పారబోసిన మలగుంట ఆ బావికి కొద్ది అడుగుల దూరంలోనే ఉన్నట్టు తేలింది.

ప్రశ్న: మా కుళాయి నీరు బ్లీచింగ్ వాసన వస్తుంది. క్లోరిన్ వల్ల క్యాన్సర్ వస్తుందని ఎవరో చెప్పారు. పైన మీరేమో క్లోరిన్ ఉండాలంటారు. ఏది నిజం?

జవాబు: రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ రెండూ సమానమైన బరువు గలవి కావు. క్లోరిన్ నీటిలోని సేంద్రియ పదార్థంతో, అంటే కుళ్ళిన ఆకులు, పాచి వంటి వాటితో కలిసినప్పుడు ట్రైహాలోమీథేన్‌లు అనే పదార్థాలు కొద్ది మోతాదులో తయారవుతాయి. ఈ సంగతి 1974లో బయటపడింది. క్యాన్సర్ భయమంతా వీటి గురించే. వాటిలో ముఖ్యమైన క్లోరోఫామ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 0.3 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. వీటిని తగ్గించవలసిన చోటు శుద్ధి కేంద్రం: క్లోరిన్ కలపడానికి ముందే పటికతో తేర్చి, ఇసుక పొరల గుండా వడపోసి సేంద్రియ పదార్థాన్ని తీసేస్తే ఇవి తక్కువగా ఏర్పడతాయి. ఈ పదార్థాలకు భయపడి క్లోరిన్‌నే మానేయడం మాత్రం తగదని అదే సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఎన్నో ఏళ్ళ తరువాత రాగల చిన్న ప్రమాదాన్ని తప్పించుకోబోయి, రేపే రాగల టైఫాయిడ్‌ను తెచ్చుకోవడం అవుతుంది.

తాగునీటిలో క్లోరిన్‌కు పెట్టిన ఆరోగ్య పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు. అంతకు చాలా తక్కువ మోతాదులోనే మన ముక్కు దానిని పసిగడుతుంది కనుక, వాసన వచ్చినంత మాత్రాన మోతాదు మించిందని కాదు. వెడల్పు మూతిగల పాత్రలో కొన్ని గంటలు ఉంచితే వాసన చాలావరకు పోతుంది. అలా వాసన పోయిన నీటికి రక్షణ కూడా పోయినట్టే కనుక, ఆ రోజుకు సరిపడా మాత్రమే ఉంచుకోండి. ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా వాసన ఘాటెక్కితే మాత్రం నీటి సరఫరా వారిని అడగండి. వారు మోతాదు పెంచి ఉండవచ్చు. పెంచకపోతే, మురుగులోని అమ్మోనియా క్లోరిన్‌తో కలిసినప్పుడు కూడా అలాంటి ఘాటు పుడుతుంది.

ప్రశ్న: నీటిశుద్ధి యంత్రం అమ్మే మనిషి మా ఇంటికి వచ్చి మీటరు ముంచి టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) 420 ఉందని, 50 లోపు ఉంటేనే మంచి నీరని చెప్పాడు. ఆ తరువాత రెండు కడ్డీలున్న పరికరం మా కుళాయి నీటిలో పెట్టగానే నీరు తుప్పురంగుకు తిరిగి, మురికి తేలింది. అతని యంత్రం నీటిలో పెడితే ఏమీ తేలలేదు. చూసి భయం వేసింది. యంత్రం కొనవలసిందేనా?

జవాబు: ఆ ప్రదర్శనను చూసి కొనవద్దు. మీ నీటిలో తేలిన ఆ మురికి మీ నీటిది కాదు, ఆ కడ్డీలదే. ఇనుప కడ్డీల గుండా కరెంటు పోయినప్పుడు ఇనుము కరిగి, నీటితో కలిసి తుప్పుగా తెట్టెకడుతుంది. కరెంటు పారాలంటే నీటిలో లవణాలు ఉండాలి. మీ కుళాయి నీటిలో అవి సహజంగానే ఉన్నాయి కనుక కరెంటు పారింది, తుప్పు తేలింది. యంత్రం లవణాలను దాదాపుగా తీసేసింది కనుక ఆ నీటిలో కరెంటు పారలేదు, ఏమీ తేలలేదు. ఆ యంత్రం నీటిలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ కడ్డీలు పెట్టమనండి. ఆ "స్వచ్ఛమైన" నీరు కూడా మీ కళ్ళెదుటే తుప్పురంగుకు తిరుగుతుంది.

టీడీఎస్ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత తేలికగా పారుతోందన్నది ఒక్కటే. దానిని ఒక అంకెతో గుణించి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలని చూపిస్తుంది. అందులో కాల్షియం, మెగ్నీషియం, మామూలు ఉప్పు వంటివే సింహభాగం. బ్యాక్టీరియాను అది చూడలేదు. పురుగుమందును చూడలేదు. ఆర్సెనిక్‌కు పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. మీ నీటిలో దానికి అయిదు రెట్లు ఆర్సెనిక్ ఉన్నా 0.05 మిల్లీగ్రాములే కదా, పూర్ణాంకాలు చూపే మీటరులో ఒక్క అంకె కూడా కదలదు. అంటే 40 చూపిన నీటిలో విషం ఉండవచ్చు, 420 చూపిన నీరు నిక్షేపంగా ఉండవచ్చు. రుచి దృష్ట్యా 600 లోపు ఉన్న నీరు సాధారణంగా బాగుంటుందని, 1,000 దాటితే తాగబుద్ధి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరోగ్యం దృష్ట్యా టీడీఎస్‌కు ఆ సంస్థ హద్దే పెట్టలేదు. 50 లోపు ఉంటేనే మంచిదన్న మాటకు ఆధారం లేదు.

ఆర్‌ఓ యంత్రం, అంటే నీటిని సన్నని పొర గుండా ఒత్తి లవణాలను వేరుచేసే ఇలాంటి యంత్రం, చెడ్డదని నేను అనడం లేదు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ లేదా భరించలేని ఉప్పదనం ఉందని పరీక్షలో తేలినచోట అది చక్కగా పనిచేస్తుంది. అవేవీ లేని నీటికి దానిని పెడితే, ఇచ్చిన నీటికంటే ఎక్కువ నీటిని పారబోస్తూ, ఒంటికి పనికివచ్చే కాల్షియం, మెగ్నీషియంలను కూడా తీసేస్తుంది. మీ భయం సూక్ష్మజీవుల గురించే అయితే కాచడమో, సరిగ్గా పనిచేసే అతినీలలోహిత దీపమో చాలు. ముందు ప్రయోగశాలలో పరీక్ష చేయించండి, ఆ కాగితం చూసుకొని తేల్చుకోండి.

ప్రశ్న: మా పిల్లవాడి పళ్ళపై తెల్లని, గోధుమరంగు మచ్చలు వచ్చాయి. మా సరఫరాలో ఎండాకాలం బోరునీరు కలుపుతారని విన్నాము. మేము మాత్రం ఏటా పన్నెండు నెలలూ నీటిని బాగా కాచి, సగానికి ఇంకేదాకా ఉంచి తాగుతాము. ఇంకేం చేయాలి?

జవాబు: ముందు ఆ అలవాటు మానండి. కాచడం సూక్ష్మజీవులను చంపుతుంది కానీ, నీటిలో కరిగిన ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ వంటివి ఆవిరైపోవు. నీరు సగానికి ఇంకితే మిగిలిన నీటిలో అవి రెట్టింపు చిక్కబడతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు, అంటే సరిగ్గా హద్దు మీద ఉన్న నీరు, సగానికి కాచాక 3 మిల్లీగ్రాముల నీరవుతుంది. ఎంత శ్రద్ధతో చేస్తున్నారో మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది, అందుకే ఇంత నేరుగా చెబుతున్నాను.

ఆ మచ్చలు ఫ్లోరైడ్ వల్లనో, మరేదైనా కారణం వల్లనో దంతవైద్యుడు చూసి చెప్పాలి. ఫ్లోరైడ్ వల్లనే అయితే, ఆ హాని చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు జరుగుతుంది. మచ్చపడిన పన్ను వెనక్కి మారదు. ఇంకా రావలసిన పళ్ళను, వెనుక పుట్టిన తోబుట్టువులను మాత్రం కాపాడుకోవచ్చు. ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదు ఒంట్లో చేరితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి కనుక ఇది పళ్ళతో ఆగే విషయం కాదు. బోరునీరు కలిపే నెలలలో ఒకసారి, కలపని నెలలలో ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ఎక్కువగా తేలితే ఆర్‌ఓ గానీ, యాక్టివేటెడ్ అల్యూమినా నింపిన ఫిల్టరు గానీ పనిచేస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి కూడా ఉంది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు ఇతర దేశాలలోనూ వాడుకలో ఉంది. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది కనుక, నీటి పరీక్ష లేకుండా ఇంట్లో ఉజ్జాయింపుగా చేయడానికి అది తగదు.

నైట్రేట్ గురించి కూడా ఒక మాట. ఎరువుల వల్ల, మరుగుదొడ్ల గుంతల వల్ల భూగర్భజలంలో చేరే దీనికి హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఆ నీటితో డబ్బాపాలు కలిపి పడితే, రక్తం ప్రాణవాయువును మోయలేక పెదవులు, గోళ్ళు నీలిబడతాయి. కాచిన నీరే కదా అని ధైర్యంగా ఉండే ఇళ్ళలోనే ఈ ముప్పు ఎక్కువ.

ఒక ప్రమాదం తప్పించుకోబోయి మరొక దానిలో పడటానికి బంగ్లాదేశ్‌ను మించిన ఉదాహరణ లేదు. చెరువుల నీరు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే, 1970ల నుంచి అక్కడ పెద్ద ఎత్తున బోరుపంపులు దింపారు. సూక్ష్మజీవుల బాధ తగ్గింది. కానీ ఆ నేల పొరలలో సహజంగానే ఆర్సెనిక్ ఉంది, దానికోసం ఎవరూ పరీక్షించలేదు. 1993లో అది బయటపడేనాటికి కోట్లమంది ఆ నీరు తాగుతున్నారు. తరువాత పంపులను పరీక్షించి, విషమున్న వాటికి ఎర్రరంగు, లేనివాటికి ఆకుపచ్చరంగు పూశారు. ఒకే ఊరిలో, ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఎర్రపంపు, పచ్చపంపు ఉన్న చోట్లున్నాయి. పక్కింటి బోరు బాగుందంటే మన బోరు కూడా బాగున్నట్టేనని అనుకోరాదు.

ప్రశ్న: మాది పాత ఇల్లు. ఊరు వెళ్ళి వచ్చాక కుళాయి తిప్పితే ఎర్రనీరు వస్తుంది. ఇది సీసమా?

జవాబు: ఎర్రనీరు తుప్పు, అంటే ఇనుము. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు మరకలు పడతాయి, నీరు కనరు వేస్తుంది, అంతకుమించి ఆ మోతాదులలో హాని చేయదు. సీసానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పాత సీసపు గొట్టాలు, అతుకులు, ఇత్తడి కుళాయిలు, సీసం కలిపి చేసిన పాత ప్లాస్టిక్ పైపులు దానికి మూలాలు. ఎర్రనీరు సీసం కాకపోయినా, మీ నీరు లోహాన్ని తింటోందని చెప్పే హెచ్చరిక అది.

అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి సరఫరాను నదీజలానికి మార్చి, పైపులను కాపాడే ఫాస్ఫేట్‌ను కలపకుండా వదిలేశారు. కొద్ది నెలలకే అక్కడి ఒక ఇంజన్ల ఫ్యాక్టరీ, విడిభాగాలు తుప్పుపడుతున్నాయని ఆ నీటిని వాడటం మానేసింది. అదే నీటిని జనం మాత్రం ఆ తరువాత ఏడాది పాటు తాగారు. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని వైద్యులు లెక్కలతో చూపించిన తరువాత, 2015 అక్టోబరులో గానీ సరఫరాను వెనక్కి మార్చలేదు. నీటిలో సీసానికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు అయినా, పిల్లల మెదడుకు హాని చేయని మోతాదంటూ ఏదీ తేలలేదు.

రాత్రంతా పైపులో నిలిచిన మొదటి నీటిని మొక్కలకో, గిన్నెలు కడగడానికో పట్టి, నీరు చల్లబడేదాకా వదిలాక తాగడానికి పట్టుకోండి. వేడినీటి కుళాయి నీటిని వంటకు వాడవద్దు, వేడినీరు సీసాన్ని ఎక్కువగా కరిగిస్తుంది. కాచినా సీసం పోదు. పరీక్షకు మాత్రం వదలకుండా, ఆరు గంటలపాటు కదలని మొదటి నీటినే పట్టి పంపాలి.

ప్రశ్న: పైకప్పు మీద వెయ్యి లీటర్ల ట్యాంకును శుభ్రపరచడానికి బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి?

జవాబు: ముందు ట్యాంకును ఖాళీ చేసి, అడుగున పేరుకున్న ఒండ్రును, గోడల పాచిని బ్రష్‌తో రుద్ది కడిగేయాలి. ఒండ్రు ఉండగా ఎంత పౌడర్ వేసినా ఫలితం ఉండదు. తరువాత నీరు నింపి, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వచ్చేలా పౌడర్ కలపాలి. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు పాతిక శాతం క్లోరిన్ ఉంటుందనుకుంటే వెయ్యి లీటర్లకు 200 గ్రాములు కావాలి. మూత తీసి ఉంచిన పాత పౌడర్‌కు బలం పోతుంది. పౌడర్‌ను బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటనే పోయండి. కుళాయిలన్నీ ఒకసారి తిప్పి వాసన వచ్చేదాకా వదిలి కట్టేసి, వీలైతే 24 గంటలు ఉంచి, ఆ నీటిని పూర్తిగా పారబోసి, వాసన పోయేదాకా కడగాలి. ఆ నీరు తాగకూడదు, మొక్కలకూ పోయకూడదు. బ్లీచింగ్ పౌడర్‌ను యాసిడ్‌తో ఎట్టి పరిస్థితులలోనూ కలపవద్దు, వెలువడే వాయువు మూసి ఉన్న ట్యాంకులో ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: మా కాలనీవారంతా ఫిర్యాదు చేస్తే, నీటిని పరీక్షించామని, అన్నీ పరిమితిలోనే ఉన్నాయని కాగితం చూపించారు. నీరు మాత్రం అలాగే ఉంది. ఆ కాగితాన్ని ఎలా చదవాలి?

జవాబు: అంకెలకంటే ముందు నమూనా ఎక్కడ, ఎప్పుడు తీశారో చూడండి. శుద్ధి కేంద్రం గేటు దగ్గర తీసిన నమూనా శుభ్రంగా ఉండటం సహజమే. మీ ఫిర్యాదు మీ వీధి చివరి కుళాయి గురించి. వానలు పడకముందు తీసిన నమూనా, తొలి వానల తరువాతి నీటి గురించి ఏమీ చెప్పదు. ఆ తరువాత, ఏమేమి పరీక్షించారో చూడండి. టీడీఎస్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), కఠినత్వం మాత్రమే ఉండి, ఇ.కోలి, మిగులు క్లోరిన్, మసకదనం లేకపోతే మీరు అడిగిన ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేనట్టే.

మసకదనాన్ని తేలికగా తీసుకోవద్దు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో సుమారు 4 లక్షల మంది క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల విరేచనాలతో మంచం పట్టారు. దానిని క్లోరిన్ చంపజాలదు, వడపోతతోనే ఆపాలి. శుద్ధి చేసిన నీటిలో మసకదనం పెరగడమే వడపోత దెబ్బతిన్నదని చెప్పిన గుర్తు.

అధికారుల మాటను అనుమానించమని నేను చెప్పను, రాసి ఉన్న ఆధారం అడగమని చెబుతాను. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో భారీ వానల తరువాత పశువుల పేడ బావిలోకి చేరి, ప్రమాదకరమైన ఇ.కోలి వల్ల ఏడుగురు చనిపోయారు, రెండువేలకు పైగా జనం జబ్బుపడ్డారు. నీటి సరఫరా నిర్వాహకులు క్లోరిన్ లెక్కలను కొలవకుండానే రాస్తూ వచ్చారని, నమూనాలు చెడ్డవని ప్రయోగశాల చెప్పిన తరువాత కూడా నీరు బాగుందనే బదులిచ్చారని విచారణలో తేలింది. అక్కడ చుట్టుపక్కల వైద్యులు, ఆరోగ్యశాఖవారు రోగుల లెక్కను చూసి అనుమానించడం వల్లనే జనానికి హెచ్చరిక అందింది.

కనుక మీ అర్జీలో "నీరు బాగాలేదు" అని రాయవద్దు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏయే ఇళ్ళలో నీరు ఎలా వచ్చిందో, డీపీడీ పరీక్షలో ఏ ఇంట్లో రంగు వచ్చిందో, ఏ ఇంట్లో రాలేదో, ఎవరికి ఎప్పుడు జబ్బు చేసిందో రాసి, పటం జతచేయండి. వీధి చివరి కుళాయి దగ్గర, నీరు వచ్చే గంటలో, మీ ఎదుట నమూనా తీయమని అడగండి. బ్యాక్టీరియా పరీక్షకు వాడే సీసా ప్రయోగశాల ఇచ్చిన శుద్ధమైనదై ఉండాలి. అందులో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ముందే వేసి ఉంటుంది కనుక దానిని కడగకూడదు. అది లేని సీసాలో పడితే, దారిపొడవునా క్లోరిన్ పనిచేసి సూక్ష్మజీవులను చంపేస్తుంది, ఫలితం తప్పుగా మంచిదని వస్తుంది. నమూనాను మంచుపెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటలలో, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపు ప్రయోగశాలకు చేర్చాలి. నమూనా తీసేటప్పుడు కాలనీ తరఫున ఇద్దరు పక్కనే ఉండి, తేదీ, సమయం, సీసా సంఖ్య మీ పుస్తకంలో కూడా రాసుకొని, వచ్చినవారి చేత సంతకం పెట్టించుకోండి.